ముప్పై నాలుగు రాదు

ఆ సర్ మీద నాకు కోపం ఇంకా పోలేదు. మొన్న అశోక్ చౌక్‌లో కూరగాయల బండి దగ్గర ఎదురుపడి నవ్వాడు. నేను నవ్వలేదు. పెద్దాయన, చేతిసంచీ బరువుకు ఒక పక్కకు వంగి నిలబడ్డాడు. పలకరిస్తే నీదేం పోయిందని మా ఆయన దారంతా సణిగాడు. ఏం పోయిందో ఆయనకు చాలాసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ 'ఒక్క లెక్క కోసమా' అంటాడు. అవును, ఒక్క లెక్క కోసమే.

మాది విడీ ఘర్కుల్, బీడీ కార్మికులకు కట్టించిన కాలనీ. మా అమ్మ బీడీలు చుట్టింది, నేనూ చుడతాను. నాయన సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, టవళ్లు నేసేవాడు, మా ఆయనదీ అదే పని. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ కుడిచేతి వేళ్లు మాట వినడం మానేశాయి. ఆకు కత్తిరించగలిగేది గానీ చుట్టలేకపోయేది. ఇంట్లో పెద్దపిల్లను నేను. బీడీల చాట నా ఒళ్లోకి వచ్చింది. బడి మానెయ్యమని నన్ను ఎవరూ అనలేదు. ఒకరోజు వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు, అట్లా ఆగిపోయింది. సరిగ్గా ఆ వారమే మా క్లాసులో బీజగణితం మొదలయింది. మాది మరాఠీ మీడియం. టీచరమ్మను బాయి అనేవాళ్లం. ఆ బాయి బోర్డు మీద ఎక్స్ అని రాసి, ఇది మనకు తెలియని సంఖ్య, తెలియకపోయినా దీనితో పని చేయించుకోవచ్చు అని చెప్పింది. ఎట్లా చేయించుకోవాలో చెప్పిన రోజుకు నేను బడిలో లేను.

నాకు ముప్పై ఆరేళ్లు వచ్చాక మా కాలనీ మహిళా మండలి వాళ్లు సమాజ మందిరంలో ఒక క్లాసు పెట్టారు. మధ్యలో చదువు మానేసిన ఆడవాళ్లు పదిహేడో నంబరు ఫారం నింపితే బయటినుంచి పదో తరగతి పరీక్ష రాయొచ్చు. రోజు విడిచి రోజు మధ్యాహ్నం మూడు నుంచి అయిదు దాకా పాఠం. చేరినవాళ్లం పదకొండు మందిమి, అందరం బీడీలు చుట్టేవాళ్లమే. పొద్దున్నే కార్ఖానాలో బీడీలు అప్పజెప్పి, ఆకూ తంబాకూ తెచ్చుకుని, వంట ముగించి వచ్చేవాళ్లం. కొందరు చాట కూడా తెచ్చుకుని వెనక వరసలో కూర్చుని చుడుతూనే వినేవాళ్లు.

మా గోడ పక్కింటి అక్క కూడా చేరింది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది. ఆమెకు చదువు మీద ధ్యాస ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. ఫారం నింపే రోజు నా వెనకాలే వచ్చి వరసలో నిలబడింది. ఎందుకక్కా అని అడిగాను.

"నా పెండ్లప్పుడు ఏడో తరగతి పాస్ అని మా నాయన అబద్ధం చెప్పిండు చెల్లె. నేను చదివింది అయిదే. గిన్నేండ్ల నుంచి ఆ అబద్ధం మోస్తున్న. పది పాసయితె అది కొట్టుకపోతది గదా" అంది.

మాకు గణితం చెప్పడానికి మండలి వాళ్లు రిటైరయిన ఒక సర్‌ను తెచ్చారు. మనవాడే, తెలుగువాడే. హైస్కూల్లో ముప్పై ఏళ్లు గణితం చెప్పాడు. పొద్దున పూట తన ఇంట్లో స్కాలర్‌షిప్ పరీక్ష రాసే పిల్లలకు చెప్పేవాడు, మాకు మాత్రం ఉచితంగా చెప్పడానికి ఒప్పుకున్నాడు. ఆ ఉచితం అనే మాట మమ్మల్ని ఎంత లొంగదీసిందో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆయన గదిలోకి రాగానే పదకొండు మందిమీ లేచి నిలబడేవాళ్లం. ఒకరు ఫ్యాన్ ఆయన వైపు తిప్పేవారు.

మొదటిరోజే ఆయన అన్నాడు: "మీకు ఎన్ని మార్కులు కావాలె? ముప్పై అయిదు. దానికి బీజగణితం అక్కర్లేదు. ప్రశ్న కింద నాలుగు జవాబులుంటయి. ఒక్కొక్కటి పెట్టి చూడున్రి. ఏది కుదిరితె అది రాయున్రి."

మేమంతా హమ్మయ్య అనుకున్నాం. నేను కూడా. ఆరోజు నాకు కోపం రాలేదు. మన మీద దయతో చెప్తున్నాడనే అనుకున్నాను.

రెండో వారంలో ఒక లెక్క ఇచ్చాడు. తల్లి వయసు కూతురి వయసుకు మూడింతలు, పన్నెండేళ్ల తర్వాత రెండింతలవుతుంది, ఇప్పుడు కూతురి వయసెంత? కింద పది, పన్నెండు, పద్నాలుగు, పదిహేను. ఆయన బోర్డు మీద రాయడం పూర్తి కాకముందే నేను పన్నెండు అన్నాను. ఆయన చాక్‌పీసు కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. చూశారా, ఇట్లా చకచకా పెట్టి చూడాలి అని అందరికీ నన్ను చూపించాడు.

నేను ఏదీ పెట్టి చూడలేదు. నాకు ముప్పై ఆరు, మా అమ్మాయికి పన్నెండు. అది మా ఇంటి లెక్క కాబట్టి కళ్లముందు కనిపించింది. అమ్మాయికి ఆరోజు పదమూడు నిండి ఉంటే నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని. ఆ చప్పట్లు నాకు సిగ్గనిపించాయి. క్లాసయ్యాక ఆయన దగ్గరికి వెళ్లి, పన్నెండే ఎందుకు సర్, ఇంకో సంఖ్య కుదరదని ఎట్లా తెలుస్తుంది అని అడిగాను. కుదిరింది కదా, ఇంకేం కావాలి అన్నాడు.

సాయంత్రం మా అమ్మాయిని అడిగాను. అది ఏడో తరగతి చదువుతోంది. నోటుబుక్కు తెరిచి, 'కూతురి వయసు మనకు తెలియదు కదమ్మా, ఎక్స్ అనుకో' అంది. ఇరవై మూడేళ్ల తర్వాత ఆ అక్షరం మళ్లీ నా ముందుకొచ్చింది. కూతురు ఎక్స్ అయితే తల్లి మూడు ఎక్స్‌లు. పన్నెండేళ్ల తర్వాత తల్లి మూడు ఎక్స్‌లూ పన్నెండూ. కూతురు ఎక్సూ పన్నెండూ. దానికి రెండింతలంటే రెండు ఎక్స్‌లూ ఇరవై నాలుగూ. ఈ రెండూ సమానం. ఇప్పుడు రెండు వైపుల నుంచీ రెండేసి ఎక్స్‌లు తీసెయ్యి, రెండు వైపుల నుంచీ పన్నెండేసి తీసెయ్యి అంది. తీసేశాను. ఇటు ఒక్క ఎక్స్ మిగిలింది, అటు పన్నెండు.

నాలుగు వరసలు. వేరే ఏ సంఖ్యా కుదరదని ఆ నాలుగు వరసలే చెప్పేశాయి. వెతకాల్సిన పని లేదు, వయసు మా ఇంటిది కావాల్సిన పనీ లేదు. పన్నెండేళ్ల పిల్ల పళ్లెంలో అన్నం కలుపుకుంటూ చెప్పగలిగిన సంగతి ఇది. మాకు అర్థం కాదని ఆయన ఎట్లా నిర్ణయించాడు? రోజుకు వెయ్యి బీడీలు లెక్క తప్పకుండా కట్టలు కట్టే ఆడవాళ్లం మేం. నా కోపం గురించి మాట్లాడేవాళ్లు అది ఎక్కడ మొదలయిందో తెలుసుకోవాలి. ఆ పళ్లెం పక్కన మొదలయింది.

ఆరోజు నుంచి అమ్మాయి బడి నుంచి రాగానే దాని పుస్తకం నేను తీసుకునేదాన్ని. ఒక చేత్తో ఆకు తడుపుతూ రెండో చేత్తో పేజీలు తిప్పేదాన్ని. నాకు అర్థం కానిది అది చెప్పేది, దానికి తెలియనిది బడిలో అడిగి వచ్చేది. క్లాసులో మాత్రం సర్ చెప్పినట్టు అంకెలు పెట్టి చూస్తూనే ఉన్నాను.

ఒక సోమవారం సర్ జిరాక్సు కాగితాలు పంచాడు. అందులో ఆరో ప్రశ్నకు కింద జవాబులు లేవు. ఒక రెండంకెల సంఖ్యలోని అంకెలను తారుమారు చేస్తే వచ్చే సంఖ్య మొదటిదానికంటే ముప్పై నాలుగు తక్కువ, అట్లాంటి సంఖ్య ఒకటి కనుక్కోండి అని ఉంది. అరవై రెండును తిప్పితే ఇరవై ఆరు అవుతుంది కదా, అట్లా తిప్పి తీసెయ్యాలన్నమాట. పది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటి తిప్పి చూడండి, ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, బుధవారానికి ఎవరు తెస్తారో చూస్తాను అన్నాడు సర్.

మంగళవారం పొద్దున నల్లా వచ్చే రోజు. నీళ్లు వచ్చేదాకా బిందెల పక్కన కూర్చుని, గడప ముందున్న షాబాద్ బండ మీద చాక్‌పీసుతో రాయడం మొదలుపెట్టాను. నాకు ఎక్స్, వై రెండూ కలగలిసిపోయేవి. అందుకని పదుల స్థానంలో ఉన్న అంకెకు 'ప' అనీ, ఒకట్ల స్థానంలో ఉన్నదానికి 'ఒ' అనీ పేర్లు పెట్టుకున్నాను. సంఖ్య అంటే పది 'ప'లు, ఒక 'ఒ'. తిప్పితే పది 'ఒ'లు, ఒక 'ప'. మొదటిదాంట్లోంచి రెండోది తీసేశాను. తొమ్మిది 'ప'లు మిగిలాయి, వాటిలోంచి తొమ్మిది 'ఒ'లు పోవాలి. అంటే 'ప'కూ 'ఒ'కూ ఉన్న తేడా ఎంతయితే దానికి తొమ్మిది రెట్లు. ఏ సంఖ్యను తిప్పినా అంతే. మూడు తేడా ఉంటే ఇరవై ఏడు వస్తుంది, నాలుగు తేడా ఉంటే ముప్పై ఆరు. ముప్పై నాలుగు తొమ్మిదో ఎక్కంలో లేదు.

నేనే ఎక్కడో తప్పానని మొదట అనుకున్నాను. తుడిచి మళ్లీ రాశాను. మళ్లీ అదే. మూడోసారి కూడా అదే. నాకు దొరకడం లేదని కాదు, అట్లాంటి సంఖ్య అసలు లేనే లేదు. తొంభై సంఖ్యల్లో ఒక్కదాన్ని కూడా తిప్పి చూడకుండా ఆ మాట అనగలను. నా జన్మలో ఏ విషయం గురించీ నేను అంత గట్టిగా అనగలిగింది లేదు.

అదే సమయంలో గోడ అవతల అక్క గొంతు వినిపిస్తోంది. "నలభై మూడు. తిప్పితె ముప్పై నాలుగు. తీసేస్తె తొమ్మిది. నలభై నాలుగు, తిప్పితె గదే. నలభై అయిదు..." చుడుతూ, నోటితో లెక్క చెప్పుకుంటూ, మధ్యలో ఆగి రాసుకుంటోంది.

లేచి పక్కింట్లోకి వెళ్లి చెప్పొచ్చు. నేను వెళ్లలేదు. మర్నాడు క్లాసులో అందరి ముందూ లేచి చెప్పాలనుకున్నాను. వట్టి అదృష్టానికి చప్పట్లు కొట్టిన సర్ ముందు ఈసారి నిజంగా చేసిన లెక్క పెట్టాలనుకున్నాను. ముందే చెప్తే అక్క నోటి వెంట అది అందరికీ చేరిపోతుందని భయపడ్డాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదీ లేదు.

బుధవారం సర్ వచ్చి, ఆరో ప్రశ్న ఎవరికి దొరికింది అని అడిగాడు. అక్క లేచి నిలబడింది. చేతిలో నోటుబుక్కు. నాలుగు పేజీల నిండా పది నుంచి తొంభై తొమ్మిది దాకా ఒక్కటి వదలకుండా రాసింది. సంఖ్య, తిప్పిన సంఖ్య, తేడా. కట్టలో బీడీలు సర్దినట్టు వరసగా, సమంగా.

"ముప్పై నాలుగు ఎక్కడ రాలే సర్" అంది. "ఏది తిప్పినా తొమ్మిదో ఎక్కమే వస్తున్నది. తొమ్మిది, పద్దెనిమిది, ఇరవై ఏడు, గట్లనే. గట్లెందుకు వస్తది సర్?"

ఆ నోటుబుక్కు ఆయన చేతికి రెండడుగుల దూరంలో ఉంది. ఆయన చెయ్యి చాపలేదు. ఎక్కాల సంగతి తర్వాత చూద్దాం, ఎక్కడో తీసివేత తప్పింది, మళ్లీ మొదటినుంచి చేసుకురా అన్నాడు. అక్క కూర్చుంది.

అప్పుడు నేను లేచాను. అట్లాంటి సంఖ్య లేదు సర్ అన్నాను.

"నీకు దొరకకపోతె లేదంటవా?" అన్నాడు. నలుగురైదుగురు నవ్వారు.

నేను బోర్డు దగ్గరికి నడిచాను. కూర్చొమ్మంటాడేమోనని వేగంగా నడిచాను. పది 'ప'లు, ఒక 'ఒ' అని ఒక వరస రాశాను. దాని కింద తిప్పిన సంఖ్య రాశాను. మూడో వరస మొదలుపెట్టేలోపే నా భుజం పక్కనుంచి డస్టర్ వచ్చి తుడిచేసింది. చాక్ పొడి నా చేతి మీద పడింది.

"ఇది మీకు అవసరం లేదు. అందరిని పరేషాన్ చెయ్యకు. ఎవరు నేర్పిన్రు నీకు?"

"నా బిడ్డ" అన్నాను.

ఈసారి అందరూ నవ్వారు. నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. నా రెండు వరసలు తుడిచేశాడన్న మంటలో, అంతకుముందు అక్క ఏమని అడిగిందో నా తలకెక్కనే లేదు. నేను అక్షరాలు పెట్టి కనుక్కున్నదాన్ని ఆమె తొంభై తీసివేతలు చేసి కనుక్కుంది. ఎందుకట్లా వస్తుందని కూడా అడిగింది. దానికి జవాబు నా అరచేతిలో ఉంది. అయినా నేను ఆమె వైపు తిరిగి చూడలేదు.

అక్క గురువారమంతా మళ్లీ చేసింది. గోడ అవతల ఈసారి గొంతు నెమ్మదిగా ఉంది, అంకెకూ అంకెకూ మధ్య చాలాసేపు పడుతోంది. క్లాసులో నవ్వులు విన్నాక నాకు నా మీదే నమ్మకం సడలింది. అప్పుడూ వెళ్లి చెప్పలేదు. శుక్రవారం ఆమె మళ్లీ నిలబడింది, మళ్లీ దొరకలేదంది.

"శ్రద్ధ లేదమ్మ నీకు" అన్నాడు సర్. "చెయ్యి బీడీల మీద, మనసు ఇంకెక్కడనో."

సోమవారం అక్క క్లాసుకు రాలేదు. వెళ్లి అడిగితే తల ఎత్తకుండా, 'నా బుర్రకు ఎక్కదు చెల్లె, అయిదు చదివినదానికి అయిదే' అంది. నోటుబుక్కు ఎక్కడుందని అడిగితే చాట దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున సర్ ఇంటికి వెళ్లాను. అక్కతో ఒక మంచి మాట చెప్పమని అడగడానికే వెళ్లాను, పోట్లాటకు కాదు. ముందుగదిలో చాప మీద ఏడెనిమిది మంది స్కాలర్‌షిప్ పిల్లలు కూర్చుని ఉన్నారు. గోడ మీద బోర్డు. దాని మీద మా ఆరో ప్రశ్న. అదే ప్రశ్న, అక్షరం తేడా లేదు, ముప్పై నాలుగు ఉన్నచోట ముప్పై ఆరు ఉంది. దాని కింద ఆయన చేత్తో ఆయనే రాసిన వరసలు: పది ఎక్స్‌లు, ఒక వై. నేను గుమ్మంలో నిలబడి చివరి వరస దాకా చదివాను. ఆయన నన్ను చూశాడు. పిల్లలకు అయిదు నిమిషాలు వేరే లెక్క ఇచ్చి బయటికి వచ్చాడు.

"జిరాక్స్‌ల పొరపాటయింది. ఆరు నాలుగు లాగ పడ్డది" అన్నాడు, నేను ఏమీ అడగకముందే.

"మీకెప్పుడు తెలిసింది సర్?"

"బుధవారం. ఇంటికొచ్చి గైడు చూసిన."

"మరి శుక్రవారం అక్కను అట్లెందుకన్నరు?"

ఆయన వెనక్కి తిరిగి పిల్లలున్న గది తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత అన్నాడు: "తీసివేతలు అభ్యాసమయితయి గదా. మీకు అది మంచిదే."

తప్పు అచ్చవడం తప్పు కాదు. ఎవరికైనా జరుగుతుంది. కానీ లేని సంఖ్యను ఒక మనిషి వెతుకుతోందని తెలిసీ ఊరుకుని, దొరకలేదని చెప్తే శ్రద్ధ లేదని నలుగురి ముందూ అని, అది ఆమెకు మంచిదే అనడం. లోపల చాప మీద ఉన్న పిల్లలతో ఆయన అట్లా అనగలడా?

"అక్క తొంభై సంఖ్యలు రెండుసార్లు చూసింది సర్. మీరు ఆమె నోటుబుక్కు ఒక్కసారి చూడలే" అన్నాను. ఇంటికి వచ్చి ఆ ముక్క ఆమెతో చెప్పమన్నాను. క్లాసులో చెప్తానన్నాడు. ఆమె క్లాసుకు రావడం లేదు కదా అన్నాను. అయితే నువ్వే చెప్పు అని లోపలికి వెళ్లిపోయాడు.

బుధవారం క్లాసులో ఆయన చెప్పింది ఒకే వాక్యం. ఆరో ప్రశ్న కొట్టెయ్యండి. మిగిలిన తొమ్మిదిమందీ పెన్నులు తీశారు. ఎందుకు కొట్టెయ్యాలో చెప్పండి సర్ అని నేను కూర్చున్నచోటి నుంచే అన్నాను. వినపడనట్టు ఏడో ప్రశ్నకు వెళ్లాడు. నేను మళ్లీ అడిగాను. మూడోసారి అడిగాక ఆయన పుస్తకం మూసేసి బయటికి నడిచాడు.

ఆ సాయంత్రం మండలి అధ్యక్షురాలు మా ఇంటికి వచ్చింది. ఉచితంగా చెప్తున్న మనిషిని నిలదీస్తే రేపు ఎవరొస్తారు, ఒక్క మాట మాఫీ అడిగితే అయిపోతుంది, లేకపోతే క్లాసుకు రావద్దు అంది. చెడ్డమనిషి కాదు. క్లాసు ఆగిపోతుందని ఆమె భయం. నేను మాఫీ అడగలేదు. క్లాసు మానేశాను. మిగిలిన వాళ్లలో ఒక్కరూ నాతో రాలేదు. వాళ్లను తప్పు పట్టాలని ఉంటుంది గానీ పట్టలేను.

అక్కకు చెప్పాల్సింది మిగిలింది. ఆమె గడప దగ్గర ఆకు కత్తిరిస్తోంది. జిరాక్సు పొరపాటు సంగతి, ముప్పై ఆరు సంగతి చెప్పాను. కత్తెర ఆపి విన్నది.

"అంటె నా తీసివేతలు తప్పు గావా?"

"ఒక్కటి గూడ తప్పు లేదక్కా."

ఆమె ముఖం కొంచెం తేటపడింది. తర్వాత అడిగింది: "నీకు సర్ చెప్పినంకనే తెలిసిందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "లేదక్కా. పోయిన వారం మంగళవారం పొద్దుననే తెలిసింది, నల్లా కాడ" అన్నాను.

"నేను లెక్క పెడుతుంటె నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

ఆమె మా రెండిళ్ల మధ్య గోడ వైపు చూసింది. మళ్లీ కత్తెర అందుకుంది. పని ఉంది, నడువు అంది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె నాతో అవసరమైనంత మేరకే మాట్లాడింది. నల్లా వచ్చిందనో, బస్సు పోయిందనో.

సర్ మీద నాకున్న కోపంలో కొంత వాటా నాదే అని నాకు తెలుసు. తెలిసింది చెప్పకుండా దాచుకున్నది ఆయన ఒక్కడే కాదు. ఆయన పరువు కోసం దాచాడు, నేను మెప్పు కోసం దాచాను. ఈ మాట రాయకుండా ఇదంతా రాస్తే మిగిలింది రాయడానికి నాకు హక్కు లేదు.

ఇంట్లోనే అమ్మాయితో కూర్చుని చదివాను. మార్చిలో పరీక్ష రాశాను. రేఖాగణితం, మేం భూమితి అనేది, బొటాబొటిగా గట్టెక్కింది, బీజగణితం బాగా వచ్చింది. క్లాసులో మిగిలినవాళ్లలో ముగ్గురు పాసయ్యారు. మండలి వాళ్లు సమాజ మందిరం బయట పాసయినవాళ్ల పేర్లతో ఒక ఫ్లెక్సు కట్టారు. పైన సర్ ఫోటో, కింద మా నాలుగు పేర్లు. నాది మొదటిది. నేను స్టూలు తెచ్చుకుని ఎక్కి నా పేరు మీద తెల్ల కాగితం అంటించాను. మధ్యాహ్నానికి ఎవరో పీకేశారు. మళ్లీ అంటించాను. అట్లా మూడు రోజులు నడిచింది. నాలుగో రోజు ఫ్లెక్సే తీసేశారు.

ఇప్పుడు మా ముందుగదిలో వారానికి మూడు మధ్యాహ్నాలు ఆరుగురు ఆడవాళ్లకు గణితం చెప్తాను. మొదటిరోజే ఎక్స్ రాస్తాను. లెక్క ఇచ్చేముందు నేను చేసి చూస్తాను. ఎవరైనా రాలేదంటే ముందు వాళ్ల నోటుబుక్కు తీసుకుని చదువుతాను. ఇందులో గొప్పేమీ లేదు, చెయ్యాల్సిన పని.

అక్క వాళ్లకు ఊరవతల కుంభారిలో ఇల్లు వచ్చింది. సామాను ట్రక్కులో ఎక్కించే రోజు కూడా మాటలు ముక్తసరిగానే సాగాయి. ఆమె వెళ్లిన ఏడాదికి, ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి వెళ్లాను. కొత్త కాలనీలో ఇళ్లన్నీ ఒకేలా ఉన్నాయి. అడిగి అడిగి పట్టుకున్నాను. గుమ్మంలో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు గానీ లోపలికి కేకేసి చాయ్ పెట్టమంది.

పదిహేడో నంబరు ఫారం ఈ ఏడు నింపుదామా అక్కా, నేను చెప్తాను అన్నాను. వద్దు చెల్లె, ఇప్పుడు కండ్లు గూడ ఆనవు అంది. రెండోసారి అడిగితే విసుక్కుంది. చాయ్ తాగాం. నేను ఇక లేద్దామనుకునేసరికి, చేతిలో ఆకు వైపే చూస్తూ అంది.

"ఆ లెక్క ఎట్ల చేసినవో ఒకసారి చెప్పు. ఊరికెనే."

నేను చెప్పడం మొదలుపెట్టాను. కాగితం తీసుకోలేదు. పదుల్లో ఉన్న అంకె పదింతలుగా ఉంటుంది కదక్కా, తిప్పగానే కిందికి దిగి ఒక్కటే అవుతుంది, అంటే దానిలోంచి తొమ్మిదింతలు పోయినట్టు. ఒకట్లలో ఉన్నది పైకి ఎక్కుతుంది, దానికి తొమ్మిదింతలు వచ్చినట్టు. అంతవరకు చెప్పేసరికి ఆమె చెయ్యి ఎత్తి నన్ను ఆపింది.

"ఆగు. పోయేది తొమ్మిది, వచ్చేది తొమ్మిది. అట్లయితె మిగిలేది గూడ తొమ్మిదిల లెక్కనే ఉండాలె" అంది. పెదవులు కదిలిస్తూ ఏదో చూసుకుంది. "ముప్పై ఆరు వస్తది. నలభై అయిదు వస్తది. ముప్పై నాలుగు రాదు. ఎంత తిప్పినా రాదు."

"ఇది నువ్వు ఆనాడే చెప్పినవక్కా. తొమ్మిదో ఎక్కమే వస్తున్నదని లేచి చెప్పినవ్. ఆయన ఇనలే. నేను గూడ ఇనలే."

ఆమె కత్తెర చాటలో పడేసింది. తంబాకు ఎగిరి నా చీర మీద పడింది.

"గింతదా?" అంది. "గింత ముక్క చెప్పనీకి నోరు రాలేదా ఆయనకు? నాకు శ్రద్ధ లేదా? రెండు రోజులు వంట గూడ సరిగ చెయ్యలే నేను. నా కోడలు ముందర నా బుర్ర పనిచెయ్యదని నేనే చెప్పుకున్న. గప్పటికెల్లి చెప్పుకుంటనే ఉన్న."

అప్పటిదాకా ఆమెలో నేను చూసింది సిగ్గు ఒక్కటే. ఆమె కోపం చూడగానే నాకు ఊపిరి ఆడినట్టయింది. లోపలి నుంచి కోడలు వచ్చి ఏమయిందని అడిగితే, నా లెక్క బరాబరే ఉండెనట, ఇన్నవా, ఒక్కటి తప్పు లేదట అని ఆమెకు పది నుంచి మొదలుపెట్టి మొత్తం చెప్పింది.

పరీక్ష మాత్రం రాయలేదు. ఆ ఏడూ రాయలేదు, తర్వాతా రాయలేదు. నన్ను బస్టాపు దాకా దిగబెట్టడానికి వచ్చి, దారి పొడుగునా సర్‌ను తిట్టింది. ఆయన ముప్పై ఏళ్ల సర్వీసును తిట్టింది, జిరాక్సు మిషన్‌ను తిట్టింది. బస్సు కనిపించాక నా వైపు తిరిగింది.

"నిన్ను గూడ నేనింక మాఫ్ చెయ్యలే, యాదుంచుకో" అంది. "వచ్చే ఆదివారం రా. అసుంటి లెక్కలు ఇంకేమన్న ఉంటె పట్టుకరా."

బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. ఆమె కింద నిలబడి, వేలు చూపిస్తూ ఇంకా ఏదో అంటూనే ఉంది. ఇంజను చప్పుడులో ఒక్క ముక్కా వినపడలేదు.